తవిటమ్మ వేలు

బొబ్బిలి బస్టాండు ఎదురుగా
సైకిల్ షాపు మేడ మీద నా పార్లరు.
రెండు కుర్చీలు, ఒక అద్దం,
అద్దం పగులు మీద వరసగా బొట్టుబిళ్లలు.
కరెంటు పోయిన మధ్యాహ్నం
మెట్లెక్కి వచ్చింది తవిటమ్మ.
చెప్పులు కిందే వదిలేసింది, గుడికొచ్చినట్టు.

కనుబొమ్మలకా పెద్దమ్మా, అన్నాను.
"ఉన్నయ్యే నాలుగెంటికలు, అయ్యీ పీకేత్తావేటే"
అని కుడిచెయ్యి నా ముందుకి చాపింది.
"ఈ ఏలికి గీతలు రావాల.
ఏ కిరీమైతే వత్తాయో సెప్పు."

మూడు నెలలుగా రేషన్ డిపోలో
మిషను ఆమె వేలిని ఒప్పుకోవడం లేదు.
ఎర్ర లైటు. తుడిచి పెట్టు. ఎర్ర లైటు.
కొంచెం నూనె రాసి పెట్టు. ఎర్ర లైటు.
నువ్వు నువ్వేనని మిషను అనడం లేదే, అన్నాడట డీలరు.
"నేను కాపోతే మరెవులు, ఆడి పెళ్లామా?"

ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
ఈవిడని చేటలో పెట్టి పక్కింటికిచ్చేసి
చేరెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట వాళ్లమ్మ.
చావు మోసపోయింది, పేరు మిగిలింది.
"నా రేటు అప్పుడే కట్టేసినారే" అంటుంది.

చెయ్యి పట్టి చూశాను.
మెట్టవలస దాటాక పామాయిల్ తోటల్లో
పదకొండేళ్లు రాలిన పళ్లు ఏరిన చెయ్యి.
గెడకి కట్టిన కొడవలితో పైనెవడో గెల కోస్తాడు.
అది దబ్బున పడి, పళ్లు చెదిరి
ముళ్ల మట్టల కిందికి దొర్లిపోతాయి.
ఒక్కొక్కటే ఏరాలి, మట్టి విదిలించాలి,
బస్తాకింతని కూలి.
ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో పీక్కోవడం,
రాకపోతే ఉంచేసుకోవడం.
వేలి కొసలు అరిగిన సబ్బుముక్కల్లా
నున్నగా, పసుపెర్రగా.

బీరువాలోంచి ట్యూబు తీశాను. నూట నలభై తొమ్మిది.
వెనక చీమతలకాయంత అక్షరాలు.
పామిటేటు, స్టియరేటు, గ్లిజరిన్...
విజయనగరం ట్రైనింగులో మేడం అంది,
ఇవన్నీ చాలామటుకు పామాయిలేనమ్మా అని,
సబ్బు గట్టిపడ్డానికీ, షాంపూ నురగకీ,
లిప్‌స్టిక్కు ఎండకి కారకుండా నిలబడ్డానికీ.
నోట్సులో రాసుకున్నాను. పరీక్షయ్యాక మర్చిపోయాను.

చెబితే తవిటమ్మ నమ్మలేదు.
మూత తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది.
"కాదే. మా నూనె నాకు తెల్దేటి?
వానరోజు మిల్లు కాడ ఊరంతా కొడతాది.
మాది ఎర్రగుంటాది. ఇది జున్నుపాలనాగుంది.
ఏ మల్లెతోటదో ఇది."

రంగు తీసేస్తారు పెద్దమ్మా,
ఆవిరి పట్టి వాసన తీసేస్తారు,
ఏ తోటదో, ఏ ఊరిదో, ఎవరు ఏరారో
తెలియకుండా...
అంటూ ఆగిపోయాను.
ఆమె తన వేలుకేసి చూసుకుంటోంది.

"అయితే దీన్ని మిషన్ల పెట్టినా
ఎర్ర లైటేనన్నమాట."

రాస్తూ కూచున్నాను, ఏం చెయ్యాలో తెలియక.
చూపుడువేలి పక్కన గట్టిగా ఏదో తగిలింది.
ఎప్పటిదో ముల్లు, చర్మం కింద నల్లటి చుక్క.
కనుబొమ్మల ప్లకర్ తీసి
కిటికీ వెలుతురులో లాగాను.
ఆమె అరవలేదు. నేనే అరిచాను.
ఆ ముల్లుని అరచేతిలో పెట్టుకుని
తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు చూసింది.

ఎంతివ్వాలే అంది.
కనుబొమ్మల రేటు ముప్పై, అన్నాను తమాషాకి.
బేరమాడి ఇరవై ఇచ్చింది.
ట్యూబు వద్దంది.

"ఎడంచేతి సిటికినేలికి ఇంకా గీతలున్నాయే.
దాన్ని తోటలో వాడను,
డిపో కోసం దాసుకుంటాను."

ఆ ఒక్క వేలూ మడిచి పట్టుకుని,
మిగతా చేత్తో గోడ తడుముకుంటూ
మెట్లు దిగింది.
కరెంటింకా రాలేదు.